చెప్పు జారని బండి

కిసుము, కొండెలే స్టాండు

బంగారు మావయ్యకు,

నీ మేనల్లుడు ఎలీషా దండాలు. ఫోన్ చేస్తే "ఎవరూ? పోస్టు మాస్టరా?" అని అరిచి పెట్టేస్తున్నావు. అందుకే అమ్మ మాట విని ఉత్తరం రాస్తున్నాను. మీ ఊరు కెండు బే మీదుగా వెళ్ళే బస్సు కండక్టరుకిచ్చి పంపుతున్నా. నీ చెవులు మొండికేసినా కళ్ళు ఇంకా నీ మాట వింటున్నాయి కదా.

బండి క్షేమంగా చేరింది. చేపల లారీ మీద కట్టి పంపావు చూడు, ఎన్నిసార్లు కడిగినా ఎండుచేపల కంపు వదలడం లేదు. అది తప్ప బండికి వంక లేదు. ఒక్క తన్నుకే అందుకుంటోంది. ఇన్నేళ్ళు పశువుల డాక్టరు దగ్గర కాంపౌండరుగా నువ్వు ఊరూరా తిప్పిన బండికి ఇంకా ఇంత ఊపిరి ఉందంటే మా స్టాండులో ఎవరూ నమ్మలేదు.

ఇక అసలు బాధ విను. కొండెలే స్టాండులో కిరాయి బైకులన్నీ పెళ్ళికొడుకుల్లా ఉంటాయి. చిరుతపులి బొచ్చు సీట్లు, కుచ్చులు, రంగు దీపాలు, రేడియోలు. వాటి మధ్య నీ ఎర్ర బండి నిలబెడితే ఒముగా అని ఒకడున్నాడు, వాడు చుట్టూ తిరిగి చూసి, "ఏరా, ఇది బండా, స్నానానికి దిగిన పాస్టరా? బట్టలెక్కడ?" అన్నాడు. స్టాండు స్టాండంతా నవ్వు. ఒక చేపలమ్మే ఆవిణ్ణి రమ్మంటే, "వద్దు నాయనా, దీని మీద పోతే మా ఇంట్లో ఆవుకి రోగం వచ్చిందనుకుంటారు" అని పక్క బండెక్కింది. రోజంతా కూర్చుని ఈగలు తోలుకుంటున్నా.

మన లువో జాతివాళ్ళ సంగతి నీకు తెలీనిదా? సంకటి లేకపోయినా ఫరవాలేదు, చొక్కా మడత నలగకూడదు. బండికీ అంతే. కొంచెం, చాలా కొంచెం అలంకరించుకోనా మావయ్యా?

నీ ఆశీస్సుల కోసం కాచుకున్న,
ఎలీషా

*

కెండు బే

ఒరేయ్ అల్లుడూ,

మీ మావయ్య జెకర్యా ఆశీస్సులు. ఉత్తరం అందింది. కండక్టరు దాంతో పళ్ళు కుట్టుకున్నట్టున్నాడు, ఒక మూల లేదు.

మేనల్లుడు మేనమామ ఇంట్లో కన్నేసిన కోడిని పట్టుకుంటే అడ్డు చెప్పకూడదని మన పెద్దలు పెట్టారు. నువ్వు కోళ్ళన్నీ వదిలేసి సరాసరి బండి మీద కన్నేశావు. నా మోకాలు వంగడం మానేసింది కాబట్టి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఏం చెప్పాను? ఒక్క మేకు మార్చొద్దన్నాను. కిసుములో షాపువాడి దగ్గర పెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. అద్దం పగిలితే అలాంటి అద్దం కోసం నెలలు కాచుకున్నాను గానీ ఇంకో రకం బిగించలేదు.

ఆ బండి మీద నేను ఆవులకు సూదులెంత వేశానో మీ అత్త అలూచ్‌ని అంత తిప్పాను. నువ్వప్పటికి మొంబాసాలో పాలు తాగుతున్నావు, ఆవిణ్ణి నువ్వు ఎరగవు. పంట ఇంటికొచ్చాక ఏటా పుట్టింటికి, సేమేకి, తీసుకెళ్ళేవాణ్ణి. కెండు బే నుంచి అహెరో, అక్కణ్ణించి కిసుము, అక్కణ్ణించి సేమే. పెళ్ళయిన కొత్తలో ఆ దారిలో మీ అత్త చెప్పు పడని ఊరు లేదు. పక్కకి కూర్చునేది కదా, ఒక చెప్పు ఎక్కడో జారిపోయేది, మళ్ళీ వెనక్కి వెతుక్కుంటూ పోవడం.

నోరు మాత్రం మహా గట్టిది. ప్రతిసారీ ఇంటికొచ్చి దిగగానే ఒకటే మాట: "మా ఊరికి వెళ్ళే దారి ఎంత అందం! మీ ఊరికి వచ్చే దారి ఒట్టి దుమ్ము." వెళ్ళిందీ వచ్చిందీ ఒక్క దారేగా అని నేను, కాదని తను. నా ఊరిని అంత మాటన్నందుకు ఒక్కోసారి నిజంగానే కోపం వచ్చేది. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా ఆ మాటకి జవాబు దొరకలేదు.

పోయాక కూడా ఏటా ఒక్కణ్ణే ఆ బండి మీద సేమే వెళ్ళి బావమరిదికి చక్కెర పొట్లం ఇచ్చి వస్తున్నాను. ఈ ఏడు మోకాలు ఒప్పుకోదు. కోతలయ్యాక నువ్వే నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాలి. అదే బండి మీద, అలాగే ఉన్న బండి మీద. నువ్వు నాకు బాకీ పడ్డది అదొక్కటే.

ఒముగాకి చెప్పు, పాస్టరు స్నానం చేస్తుంటే తొంగి చూసినవాడిదే తప్పని.

మీ మావయ్య,
జెకర్యా

*

కిసుము

కోపం రాని మావయ్యకు,

కోపం రాదని ముందే రాసేశాను కాబట్టి రాకూడదు.

నువ్వు ఒక్క మేకు మార్చొద్దన్నావు. అమ్మతోడు, మార్చలేదు, పైన తొడిగానంతే. మనిషికి చొక్కా తొడిగితే మనిషి మారతాడా? ఫోటో పంపుతున్నాను. సీటుకి బొచ్చు, హ్యాండిలుకి కుచ్చులు, ముందు ఇనప గార్డు, రేడియో, చక్రాల చుట్టూ ఆకుపచ్చ దీపాలు. వెనక మడ్‌గార్డు రబ్బరు మీద "దేవుడి టైమే కరెక్టు" అని రాయించాను. అది చూసి నువ్వు ఆమెన్ అనకుండా ఉండలేవు.

మావయ్యా, ఒట్టు, స్టాండు రూపమే మారిపోయింది. మొన్న నన్ను ఆవుల డాక్టరన్న చేపలావిడ ఇవాళ వరసలో ముందున్న బండిని వదిలేసి నా బండెక్కింది. రేపు కూడా నువ్వే రావాలంది. సంతకెళ్ళే ఆడవాళ్ళంతా ఇప్పుడు నావాళ్ళే. ఒముగా బండికి నాకంటే ఎక్కువ దీపాలున్నాయి, అయినా నన్నే పిలుస్తున్నారు. వాడు కుళ్ళి చస్తున్నాడు. అంతా బొచ్చు మహిమ!

సేమే ప్రయాణానికి బొచ్చు దులిపి ఉంచుతాను. రాజులా కూర్చుందువు గాని.

నీ కోడి దొంగ,
ఎలీషా

*

కెండు బే

ఎలీషాకు,

ఫోటో చూశాను. ఏదో సర్కస్ గుడారం కూలిపోయిందనుకున్నాను. తర్వాత నెంబరు ప్లేటు చూసి గుర్తుపట్టాను.

చొక్కా మాట చెప్పావు. నేను అహెరో మలుపు దాటగానే బండి శబ్దం వినిపించినట్టు మీ అత్త పొయ్యి రాజేసేదట, అది ఎలా తెలుసుకునేదో దేవుడికెరుక. నేను గుమ్మంలో దిగేసరికి టీ పొంగుతూ ఉండేది. ఆ గొంతు మీద నువ్వు రేడియో పెట్టావు. ఇప్పుడు లోకంలో నాకు ఏ శబ్దమూ సరిగా వినబడదు. ఆ ఇంజను ఒక్కటే తలలో వినబడుతుంది. అది ఎలా ఉండేదో అలాగే ఎక్కడో ఒకచోట ఉందనుకుంటేనే వినబడుతుంది.

జపాను నుంచి ఎలా వచ్చిందో అలా చేసెయ్. చెయ్యలేకపోతే చేపల లారీ ఎక్కించి వెనక్కి పంపించు. వానకి తడిసినా నా ఇంటి చూరు కిందే ఉంటుంది.

జెకర్యా

*

కిసుము

పూజ్యుడైన మావయ్యకు,

నీ ఉత్తరం చదివి అమ్మ ఏడ్చింది. బండి వెనక్కి పంపితే నాకు తిండి లేదు, పంపకుండా మొండికేస్తే మావయ్య లేడు. మావయ్యనే ఎంచుకున్నాను.

బొచ్చు, రేడియో, దీపాలు అన్నీ పీకేశాను. అంతటితో ఊరుకోలేదు. వెల్డింగు చేసే రబాలా దగ్గరికి తీసుకెళ్ళి, "కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా కావాలి, మా మావయ్య కళ్ళు గద్ద కళ్ళు" అని చెప్పాను. స్పేర్ పార్టుల కొట్టులో గోడ మీద ఇదే బండి పాత బొమ్మ ఒకటి వేలాడుతోంది. దాన్ని బతిమాలి తెచ్చి, బండి పక్కన పెట్టుకుని అంగుళం అంగుళం సరిచూశాం.

మావయ్యా, నీకే తెలీని సంగతొకటి బయటపడింది! ఎడమ పక్క సీటు కింద ఒక ఇనప పలక ఉంది చూడు, నల్ల రంగుది, ఒక కొస పైకి లేచి వంకరగా ఉంటుంది. అది కంపెనీది కానే కాదు. బొమ్మలో లేదు. రబాలా దాన్ని తట్టి చూసి, "ఏ దున్నపోతో పొడిస్తే ఎవడో అతుకేశాడు" అన్నాడు. కోయించి పారేశాను. మచ్చ కనబడకుండా కంపెనీ ఎరుపే పూయించాను. ఇప్పుడు జపాను వాడొచ్చి చూసినా తన బిడ్డేనని ముద్దు పెట్టుకుంటాడు.

ఇంక నవ్వుతావా? సేమేకి ఎప్పుడు రమ్మంటావు?

నీ మాట జవదాటని,
ఎలీషా

*

కిసుము

మావయ్యకు,

జవాబు లేదు. కండక్టరుని అడిగితే ఉత్తరం నీ చేతికే ఇచ్చానంటున్నాడు. నువ్వు నిలబడే చదివి లోపలికెళ్ళిపోయావట. కోతలు కూడా అయిపోయాయని అమ్మ చెప్పింది. నేనేం తప్పు చేశాను? చెప్పినట్టే చేశాను కదా.

ఇక్కడ నా పని మళ్ళీ ఈగలు తోలడమే. బొచ్చు పోయింది, బేరం పోయింది. చేపలావిడ మాత్రం పాత మొహమాటానికి ఇంకో రెండుసార్లు ఎక్కింది. ఎక్కిన రెండుసార్లూ చెప్పు జారి పడిపోయింది. వెనక్కి తిరిగి కిబుయే సంతలో జనం కాళ్ళ మధ్య వెతికాను. "ఏమైంది నాయనా నీ బండికి? ఇదివరకు తల్లి ఒళ్ళో కూర్చున్నట్టుండేది" అంది. ఆ తర్వాత రావడం మానేసింది. వేరే ఆడవాళ్ళూ అంతే. బొచ్చుకీ చెప్పుకీ ఏం సంబంధమో నాకైతే బోధపడలేదు.

తిట్టయినా తిట్టు మావయ్యా.

ఎలీషా

*

కెండు బే

నాయనా ఎలీషా,

నీ తప్పు లేదు. జపాను నుంచి వచ్చినట్టు చెయ్యమన్నది నేనే, అలాగే చేశావు. ఇన్ని రోజులు ఎలా రాయాలో తెలీక రాయలేదు.

మీ అత్తకి చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమ కాలు పొట్టిగా ఉండిపోయింది. నేలమీద నడిచినప్పుడు కొంచెం ఒరిగేది, అంతే. ఆ సంగతి మేం ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళం కాదు. బండెక్కినప్పుడు మాత్రం ఆ పాదానికి ఆనిక దొరక్క గాల్లో వేలాడేది. చెప్పు జారేది. వెనక్కి వెళ్ళి చెప్పు తెచ్చిచ్చినప్పుడల్లా నవ్వేది గానీ, ఒకసారి అహెరో దగ్గర దొరక్కపోతే ఒక్క చెప్పుతోనే పుట్టింటి గుమ్మంలో దిగాల్సొచ్చింది. ఆ రోజు నవ్వలేదు.

మర్నాడు బండిని చూరు కింద నిలబెట్టి ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టాను. పాదం కింద కట్టెపుల్లలు ఒక్కొక్కటీ పేరుస్తూ పోయాను. "ఇంకొంచెం." ఇంకోటి పెట్టాను. "ఇంకొంచెం." చివరికి "ఆఁ, ఇక చాలు, ఇక్కడ నిద్రపోతా" అంది. అక్కడ గుర్తు పెట్టుకున్నాను. పశువుల్ని మందు నీళ్ళలో ముంచే తొట్టి దగ్గర పాత గేటు ఒకటి పడి ఉండేది. అందులోంచి పలక కోసి, ఒక కొస పైకి వంచి, ఆ ఎత్తులో అతికించాను. నల్ల రంగు వేశాను, ఎవరైనా చూసినా బండిదే అనుకోవాలని, తన కాలు సంగతి ఎవరూ అడగకూడదని. ఆ తర్వాత ఒక్క చెప్పూ పోలేదు.

ఒక్క మేకు మార్చలేదని ఊరంతా చెప్పుకు తిరిగాను కదా. అబద్ధం చెబుతున్నానని ఎప్పుడూ అనిపించలేదు రా. అది బండికి చేసిన మార్పని నాకు తోచనే లేదు. అది తన కాలే అనుకున్నాను.

ఆ ఇనుము ఎక్కడ పారేశారో అడుగు. పాత సామాన్ల వాడికి వెళ్ళిపోయిందంటే నాతో చెప్పకు. దొరికితే మాత్రం రాయి.

మీ మావయ్య

*

కిసుము

మావయ్యా,

ఉత్తరం చదివిన చోటే బండి వదిలేసి రబాలా దగ్గరికి పరిగెత్తాను. దొరికింది! ముందు అది విను, ఊపిరి తీసుకో.

షెడ్డు గోడకి మేకు కొట్టి వేలాడదీసి ఉంది. "పారెయ్యమన్నాను కదా, ఎందుకుంచావు?" అంటే రబాలా నవ్వాడు. "పిచ్చోడా, నువ్వు కోయించి వెళ్ళావో లేదో ఒముగా వచ్చాడు. 'ఎలీషా బండికున్న మెట్టు ఇదే కదూ? చేపలాళ్ళంతా ఇదెక్కడని నా ప్రాణం తీస్తున్నారు, ఇలాంటిదొకటి కొట్టివ్వు' అన్నాడు. తర్వాత ఇంకొకడు. వంకర తీసి తిన్నగా చేసిస్తానంటే ఆడవాళ్ళే ఒప్పుకోలేదు. ఆ వంకరుంటేనే చెప్పు ఆగుతుందట. ఇప్పుడు స్టాండులో ఇది లేని బండి నీదొక్కటే."

బొచ్చు మహిమని ఎగిరాను. బొచ్చు చూసి ఒకసారి ఎక్కారు, మళ్ళీ మళ్ళీ ఎక్కింది అత్త పలక కోసం. నేను చూసుకోలేదు. ఒముగా చూశాడు, వాడి కళ్ళు మండిపోను.

ఇప్పుడు నువ్వేం చెబితే అది. పలకని తిరిగి అతికించమంటే అతికిస్తాను. రబాలా అచ్చు కోసం ఉంచమని బతిమాలుతున్నాడు గానీ వాడి మాట వినను. బండే కావాలంటే రేపే లారీ ఎక్కిస్తాను, మనస్ఫూర్తిగా. నీ మాట వచ్చేదాకా ఆ పలక మీద చెయ్యి వెయ్యను.

నీ ఎలీషా

*

కెండు బే

ఒరేయ్ కోడి దొంగా,

నేను కిసుము వచ్చి వెళ్ళాను. నీకు చెప్పలేదు. చెబితే నువ్వు బండి తుడుస్తూ కూర్చుంటావు, నాకు ఉన్నది ఉన్నట్టు చూడాలనిపించింది. తీరా వస్తే నువ్వు లేవు, బుసియా దారిలో కిరాయికి పోయావన్నారు. స్టాండుకెదురుగా టీ కొట్టులో కూర్చున్నాను.

ఒకావిడ చేపల గంపతో వచ్చి పాదం ఎత్తి ఒక బండికున్న అలాంటి పలక మీద పెట్టి ఎక్కింది. తర్వాత ఒక పంతులమ్మ, తర్వాత కడుపుతో ఉన్న పిల్ల. అందరి ఎడమ పాదమూ అదే ఎత్తులో, అదే వంపులో. మీ అత్త పొట్టి కాలు చాటు చెయ్యాలని నేను నల్లరంగు పూసి దాచాను. కిసుము ఆడవాళ్ళంతా దాని మీదే నిలబడి సంతకెళుతున్నారు. టీ చల్లారిపోయింది. ఏడ్చానని మీ అమ్మకి చెప్పకు, చెల్లెలి ముందు పరువు పోతుంది.

లేచి, అన్నిట్లోకీ ఎక్కువ దీపాలున్న బండి దగ్గరికెళ్ళి సేమే పోవాలన్నాను. పేరడిగితే ఒముగా అన్నాడు! నేనెవరో చెప్పలేదు. మోకాలు వంగదు కదా, అటూ ఇటూ కాళ్ళేసి కూర్చోలేను. ఆడవాళ్ళలాగా పక్కకే కూర్చున్నాను. చేపలాళ్ళు పగలబడి నవ్వారు. "పాపం తాతకి గౌనొకటి తక్కువైంది" అని నాకూ వినబడేలా అరిచింది ఒకావిడ. నవ్వనీ. పాదం పలక మీద పెట్టాను. ఆనింది. బొచ్చు కూడా బాగానే ఉందిరా, ముసలి ఎముకలకి.

అల్లుడూ, ఆ బండిని ఇన్నేళ్ళు నడిపాను గానీ వెనక ఎప్పుడూ కూర్చోలేదు. ముందు కూర్చున్నవాడికి దారిలో గుంటలే కనబడతాయి. వెనక, కాళ్ళు ఎడమకి వేలాడేసి కూర్చుంటే దారి అసలు కనబడదు. సరస్సే కనబడుతుంది. కిసుము దాటగానే ఎదురుగా నీళ్ళు, పడవలు, నీళ్ళ మీద ఎండ, మధ్యలో కొంగలు. నేను ఏటా పోయే దారే అది. ఇదంతా ఎప్పుడూ చూడలేదు.

బావమరిదికి చక్కెర ఇచ్చి తిరుగు దారి పట్టాం. మళ్ళీ అలాగే కూర్చున్నాను. ఈసారి సరస్సు నా వీపు వెనక పడింది. ఎదురుగా ఏముంది? గోడలు, బోడి గట్లు, లారీలు లేపే దుమ్ము నేరుగా నోట్లోకి. కొంత దూరం పోయాక అర్థమైంది. "బండాపు!" అని అరిచాను. ఒముగా హడలిపోయి, "ఏం తాతా, చెప్పు పడిందా?" అని నా చెవి దగ్గర అరిచాడు.

"మా ఊరికి వెళ్ళే దారి ఎంత అందం, మీ ఊరికి వచ్చే దారి ఒట్టి దుమ్ము." నన్నూ నా ఊరినీ ఎత్తిపొడుస్తోందనుకుని ఇన్నేళ్ళు మూతి ముడుచుకున్నాను. ఆవిడ తనకి కనబడ్డది చెప్పిందిరా, ఉన్నదున్నట్టు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నేను వెనక కూర్చుని ఉంటే తెలిసేది. రోడ్డు పక్కన నిలబడి ఆవిడకి క్షమించమని చెప్పుకున్నాను. ఒముగా టోపీ తీసి పక్కన నిలబడ్డాడు, ఎందుకో అడగలేదు. మంచి పిల్లాడు, వాడితో గొడవ పడకు.

ఇక బండి సంగతి. లారీ ఎక్కించకు, అది నీదే. పాత పలక రబాలా గోడ మీదే ఉండనీ, వాడు ఇంకా చాలామందికి చెయ్యాలి. నీ బండికి కొత్తది వేయించు. పీకిన బట్టలన్నీ తొడుగు. రేడియో మాత్రం తక్కువ గొంతులో పెట్టు. "దేవుడి టైమే కరెక్టు" తీసేయించి, వెనక రబ్బరు మీద మనవాళ్ళు భార్యని పిలుచుకునే తీరులో రాయించు: న్యార్ సేమే. సేమే ఆడపడుచు అని చదివినవాళ్ళకి తెలుస్తుంది.

ఇంకొకటి. ఇది కంపెనీ బొమ్మలో లేదని రబాలా గొణుగుతాడు, వినకు. కుడి పక్కన కూడా అలాంటి పలకే ఒకటి వేయించు, అదే ఎత్తు, అదే వంపు. అటు పొగగొట్టం ఉంది, కాలు కాలకుండా రేకు కప్పించు. వచ్చే ఏడు కోతలయ్యాక నువ్వే నన్ను సేమే తీసుకెళుతున్నావు. వెళ్ళేటప్పుడు ఎడమకి కూర్చుంటాను, వచ్చేటప్పుడు కుడికి. మా ఊరికి వచ్చే దారి కూడా అందంగానే ఉంటుందని మీ అత్తకి చూపించాలి.

నీ వెనక సీటు మీది మావయ్య,
జెకర్యా